రాప్ గీతాలలో వీథి జీవితము – నేర చిత్రణ : ఒక పరిశీలన

కవి తన రచనలో "నేను" అన్నపుడు ఆ "నేను" ఎవరు? సాహిత్య విద్యార్థికి ఇది పాత ప్రశ్నయే. గిరీశము ఆడిన అబద్ధాలను గురజాడ అప్పారావుగారు ఆడినవని ఎవరమూ అనము. కాని అమెరికా నగరాలలోని నల్లజాతి యువకులు రచించిన రాప్ గీతాల విషయములో ఈ ప్రశ్న న్యాయస్థానము వరకు వెళ్ళినది. మనుష్యుల స్వేచ్ఛకే సంబంధించినది అయినది. కావున ఆ గీతాలు వీథి జీవితాన్ని, నేరాన్ని ఏ విధముగా చిత్రించినవో స్థూలముగా పరిశీలించుట మా ఉద్దేశము.

వాద్యపు దరువుకు అనుగుణముగా, అంత్యప్రాసలతో వేగముగా పలికే మాటయే రాప్. అది పూర్తిగా పాట కాదు, వట్టి వచనమూ కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతములో, సెడ్జ్‌విక్ వీథిలోని 1520వ నంబరు భవనములో డి.జె. కూల్ హెర్క్ సంగీతము వినిపించిన వేడుకను హిప్-హాప్ సంస్కృతికి పుట్టినరోజుగా చెప్పుకుంటారు. రాప్ ఆ సంస్కృతిలో ఒక శాఖ.

పుట్టిన నేలను ఎరుగనిదే ఈ గీతము అర్థము కాదు. బ్రాంక్స్‌లో ఇళ్ళను కూల్చి, పేటల నడుమగా పెద్ద రహదారి వేశారు. కర్మాగారాలు తరలిపోయినవి. కొందరు యజమానులు బీమా సొమ్ముకై తమ భవనాలను తామే తగులబెట్టించారు. 1970–1980 నడుమ అక్కడి ఏడు జనగణన విభాగాలు తమ కట్టడాలలో నూటికి 97కు పైగా కోల్పోయినవి.

ఈ శిథిలాల నుండి వెలువడిన గీతాలలో ప్రసిద్ధమైనది 1982 నాటి "ది మెసేజ్". గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందము పేరుతో వచ్చిన ఈ గీతములో పగిలిన గాజుముక్కలు, ఎలుకలు, బొద్దింకలు, అప్పులవాళ్ళు వరుసగా కనిపిస్తారు. చివరి చరణము ఒక శిశువు జీవిత కథ. పెరిగే కొద్దీ ఆ బాలునికి తన పేటలో సొమ్ము, కార్లు ఉన్నవారు దొంగ వ్యాపారులు, జూదరులు మాత్రమే అని తోచుతుంది. బడి మానివేస్తాడు, పని దొరకదు, దోపిడీకి దిగుతాడు, జైలు పాలవుతాడు, కడకు జైలు గదిలో ఉరికి వేలాడుతూ కనిపిస్తాడు. ఇందులో నేరానికి మెప్పు లేదు, దాని పుట్టుక ఉన్నది. గీతము ముగిసిన తరువాత చిన్న నాటకము వంటిది వినిపిస్తుంది: వీథిలో నిలబడి మాట్లాడుకొనుచున్న గాయకులనే పోలీసులు దుండగుల ముఠాగా భావించి పట్టుకుపోతారు. తరువాతి చరిత్రకు ఇది సూచన వంటిది.

1980ల ద్వితీయార్ధములో క్రాక్ అనే మాదకద్రవ్యము ఈ పేటలను ముంచెత్తినది. 1986 నాటి చట్టము ప్రకారము 5 గ్రాముల క్రాక్‌కు పడే కనీస శిక్ష, పొడి కొకైన్ అయితే 500 గ్రాములకు పడేది. ఈ నిష్పత్తిని 2010లో తగ్గించారు. ఈ కాలములోనే గీతము గొంతు మారినది. 1988లో కాలిఫోర్నియాలోని కాంప్టన్ నుండి ఎన్.డబ్ల్యు.ఎ. బృందము పోలీసుల దౌర్జన్యముపై ఉగ్రముగా పాడగా, మరుసటి ఏడు ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు ఆక్షేపిస్తూ రికార్డుల సంస్థకు లేఖ వ్రాశారు.

1994లో నాస్ వెలువరించిన "వన్ లవ్" మరొక పద్ధతి. ఇది జైలులోని మిత్రులకు వ్రాసిన లేఖల రూపములో ఉన్న గీతము. చివర వీథి బల్లపై పన్నెండేండ్ల బాలుడు ఎదురవుతాడు. అప్పటికే అతడు సరుకు అమ్ముచున్నాడు. గుండు దూరని చొక్కా తొడిగాడు. జైలు గోడకు లోపల ఉన్నవారికి చెప్పే క్షేమ సమాచారము ఇంతకంటె విషాదముగా ఉండదు.

ఉర్దూ చదివిన మిత్రులకు ఇక్కడ శహర్ ఆషోబ్ గుర్తుకు రాక మానదు. 18వ శతాబ్దిలో సౌదా ఢిల్లీ పతనాన్ని ఒక్కొక్క వృత్తివారి దైన్యము ద్వారా చెప్పాడు. కాని అక్కడ కవి గత వైభవాన్ని తలచి దుఃఖిస్తాడు. రాప్ కవికి తలచుకొనుటకు వైభవము లేదు. పైగా అతడు తరచు నేరస్థుని గొంతుతోనే "నేను" అంటాడు. చిక్కు అక్కడే ఉన్నది.

హత్యాయత్నము ఆరోపించబడిన ఒకరి విచారణలో అతడు వ్రాసుకున్న రాప్ చరణాలను జ్యూరీకి సుదీర్ఘముగా చదివి వినిపించారు. వాటిలో అనేకము ఆ ఘటనకు ఏండ్ల ముందు వ్రాసినవి. అతడు నేరము చేసెనా లేదా అన్నది వేరు ప్రశ్న. పద్యము దానికి సాక్ష్యమగునా అన్నదే ప్రశ్న. కాదని, మరల విచారణ జరపవలెనని 2014లో న్యూజెర్సీ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. షెరీఫును కాల్చినట్లు పాట కట్టిన బాబ్ మార్లీని, నేల క్రింద శవాన్ని దాచిన కథ వ్రాసిన ఎడ్గార్ ఎలన్ పోను హంతకులని అనుకొనము గదా అన్నది ఆ న్యాయస్థానము. 2022లో కాలిఫోర్నియా ఇట్టి సాక్ష్యాన్ని పరిమితము చేస్తూ చట్టము చేసినది.

ఈ గీతాలన్నియు నిర్దోషములని మేము చెప్పుట లేదు. హింస అమ్ముడుపోవునని తెలిసిన వ్యాపారము దానినే కోరినది. కొందరు దానినే సరఫరా చేశారు. స్త్రీలను కించపరచే మాటలు అనేక గీతాలలో ఉన్నవి. వాటిని 1993లో క్వీన్ లతీఫా "యు.ఎన్.ఐ.టి.వై." అనే రాప్ గీతముతోనే ఎదుర్కొన్నది. దోషాన్ని ఆ సంప్రదాయమే లోపలి నుండి విమర్శించుకొనుట గమనింపదగినది.

విమర్శకుడు గీతాన్ని దోషి అనవచ్చును. కవిని ముద్దాయిగా నిలబెట్టరాదు. ఏ గీతములో సాక్షి పలుకుచున్నాడో, ఏ గీతములో వర్తకుడు పలుకుచున్నాడో వేరుచేసి వినగలిగిన చెవి కావలెను. ఒక పేటవారందరినీ ఒకే మాటతో నేరస్థులనే అలవాటు లోకములో ఉన్నంత కాలము, ఆ చెవిని అలవరచుకొనుట సాహిత్య విద్యార్థికి విధి అని మా విశ్వాసము.