సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? కృత్రిమ మేధ చెప్పగలదా?

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్‌లోనైనా, మరెక్కడైనా, శ్లాబు పోశాక మేస్త్రీకి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? తొందరపడితే శ్లాబు కూలి ప్రాణాలు పోవచ్చు. ఆలస్యమైతే అద్దె పెరుగుతుంది.

ఐఎస్ 456:2000 ప్రమాణం ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న శ్లాబు కింది ఆనుకర్రలను 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఈ లెక్క సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు, 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గని వాతావరణానికే. ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేస్‌లో మిగిలే స్లాగ్‌తో చేసిన సిమెంటు మొదట్లో నెమ్మదిగా బలపడుతుంది. చలి ఆ వేగాన్ని మరింత తగ్గిస్తుంది.

కాంక్రీటు బలాన్ని ముందే అంచనా వేయడానికి తైవాన్ పరిశోధకుడు ఐ-చెంగ్ యే 1998లో న్యూరల్ నెట్‌వర్క్‌ను వాడారు. ఆయన అందరికీ అందుబాటులో ఉంచిన 1,030 నమూనాల డేటాతో నేటికీ ఎన్నో మోడళ్లు శిక్షణ పొందుతున్నాయి. అందులో ఎనిమిది అంశాలుంటాయి: సిమెంటు, స్లాగ్, ఫ్లైయాష్, నీరు, సూపర్‌ప్లాస్టిసైజర్, కంకర, ఇసుక, కాంక్రీటు వయసు. ఉష్ణోగ్రత లేదు! అంటే, ఆ డేటా ఒక్కదానితోనే నేర్చుకున్న మోడల్‌కు జనవరి చలికీ మే ఎండకూ తేడా తెలియదు.

దీనికి ఒక మార్గం మెచ్యూరిటీ పద్ధతి. శ్లాబులో అమర్చిన సెన్సర్లు ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేస్తాయి. ఉష్ణోగ్రత, గడిచిన కాలం కలిపి బలాన్ని లెక్కగడతారు. ఈ సమాచారాన్ని మోడల్‌కు అందిస్తే అంచనా మెరుగుపడుతుంది.

అయినా అంచనా అంచనాయే. అదే కాంక్రీటుతో పోసి, శ్లాబు పక్కనే క్యూరింగ్ చేసిన క్యూబులను పరీక్షించి, ఇంజనీరు సరేనన్నాకే ఆనుకర్రలు కదపాలి.