గృహ కంప్యూటర్ : ఎంపిక, మరమ్మతు, గోప్యత

హౌరా స్టేషను నుండి బర్ద్వాన్ వైపు బయలుదేరిన లోకల్ బండికి మొదట ఎదురయ్యే స్టేషను లిలువా. కోల్‌కతా మహానగర ప్రాంతంలో, హుగ్లీ నదికి పడమటి వైపున ఉన్న ఈ పేటకు పేరు తెచ్చినది అక్కడి రైల్వే కర్మాగారం. 1900 సంవత్సరంలో ఈస్ట్ ఇండియన్ రైల్వే నెలకొల్పిన ఈ కర్మాగారం నేడు తూర్పు రైల్వేకు చెందినది. ప్రయాణికుల పెట్టెలను నిర్ణీత కాలానికి ఒకసారి విప్పి, పరీక్షించి, అరిగిన భాగాలను మార్చి తిరిగి పట్టాల మీదికి పంపడం దీని ప్రధాన కర్తవ్యం.

పని ఉన్న చోటికి మనుషులు వస్తారు. మనుషుల వెంట భాషలు వస్తాయి. హుగ్లీ తీరంలోని జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుండి, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికి ఆంధ్ర తీరం నుండి తెలుగువారు వెళ్ళి స్థిరపడిన సంగతి విదితమే. తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఒకే వీధిలో బెంగాలీ, హిందీ, తెలుగు వినిపించే ఇటువంటి పేటలలో ఇప్పుడు ప్రతి ఇంటికీ ఇంకొక అతిథి వచ్చి చేరింది. అదే కంప్యూటర్. మేజా మీద ఉన్నా, చేతిలోని ఫోను రూపంలో ఉన్నా అది కంప్యూటరే.

దేశంలో కంప్యూటర్ చరిత్ర కూడ ఈ నదీతీరంలోనే ఆరంభమైంది. లిలువాకు కొంచెం ఉత్తరంగా, నదికి ఆవలి ఒడ్డున బరానగర్ ఉన్నది. అక్కడ, ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థకు, 1955లో బ్రిటన్ నుండి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రం వచ్చింది. భారతదేశంలో నెలకొన్న మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ సంస్థలో చేరిన సి.ఆర్. రావు అప్పటికే అక్కడ ప్రముఖ శాస్త్రజ్ఞుడు.

ఆనాడు యంత్రాన్ని నడపడానికి ప్రత్యేక శిక్షణ పొందినవారు ఉండేవారు. నేటి ఇంటిలో అటువంటి వారెవరూ లేరు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో నిర్ణయించేది, చెడినప్పుడు బాగుచేసేది, దొంగల నుండి కాపాడేది గృహస్థుడే. ఈ మూడు పనులకూ ఆధారం ఒక్కటే : యంత్రం ఏమి చెబుతున్నదో, ఏమి అడుగుతున్నదో అర్థం కావాలి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

కంప్యూటర్ భాగాలన్నిటినీ ఒక తాటి మీద నడిపేది ఆపరేటింగ్ సిస్టం. ఉత్తరం రాయడం, లెక్కలు చూడడం, చిత్రాలు దాచడం వంటి ఒక్కొక్క పనికి దాని పైన నడిచే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. వీటిని ఎంచుకునేటప్పుడు చాలామంది ధర ఒక్కటే చూస్తారు. ఇక్కడ ఒక మాటను సరిగా గ్రహించాలి. ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే పదానికి వెల లేనిదని, స్వేచ్ఛ గలదని రెండు అర్థాలు. మన భాషలలో ఈ తికమక లేదు. తెలుగులో ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. హిందీలో ‘ముఫ్త్’ వేరు, ‘ముక్త్’ వేరు.

వెల లేకుండా దొరికే ప్రతి సాఫ్ట్‌వేరూ స్వేచ్ఛ గలది కాదు. కొన్నింటికి డబ్బు చెల్లించనక్కరలేదు గాని, వాడేవారి చిరునామాల పుస్తకాన్ని, వారు తిరిగే చోట్లను, చూసే విషయాలను అవి సేకరిస్తాయి. ఆ సమాచారమే వాటికి ముట్టే మూల్యం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లక్షణం వేరు. దాని మూలసంకేతం అందరికీ తెరచి ఉంటుంది. ఎవరైనా పరీక్షించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన ‘గ్నూ’ ప్రణాళిక, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన ‘లినక్స్’ ఈ మార్గానికి పునాదులు. మన దేశంలో సి-డాక్ సంస్థ లినక్స్ ఆధారంగా రూపొందించిన ‘బాస్’ భారతీయ భాషలలో లభిస్తుంది. ఉత్తరాలకు, లెక్కలకు ‘లిబ్రె ఆఫీస్’, ఇంటర్నెట్ చూడడానికి ‘ఫైర్‌ఫాక్స్’ ఈ కోవకు చెందినవే.

అంతమాత్రాన వెల పెట్టి కొన్నది చెడ్డదని అర్థం కాదు. ఎంపికకు నాలుగు ప్రశ్నలు గీటురాళ్ళు. అది ఇంటివారి భాషలో పనిచేస్తుందా? దానికి భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయా? దానితో తయారుచేసిన ఫైలును వేరొక సాఫ్ట్‌వేర్‌లో తెరవగలమా? అది కోరే అనుమతులకు, చేసే పనికి పొంతన ఉన్నదా? టార్చిలైటు వెలిగించే సాఫ్ట్‌వేర్‌కు చిరునామాల పుస్తకంతో పని లేదు.

రెండవ ప్రశ్న నేడు చాలా ఇళ్ళకు వర్తిస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ యంత్రాలు ఆ రోజుతో ఆగిపోలేదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మామూలుగా అందే సవరణలు ఆగిపోయాయి. యంత్రానికి శక్తి ఉంటే విండోస్ 11కు మారవచ్చు. లేకపోతే లినక్స్ వేసుకుని అదే యంత్రాన్ని మరికొన్నేళ్ళు వాడుకోవచ్చు. ఏదీ చేయకుండా బ్యాంకు పనులు మాత్రం దాని మీద సాగించడం క్షేమం కాదు.

ఒక మీట, అనేక లిపులు

లిలువా వంటి పేటలో ఒకే కంప్యూటర్ మీద తాత తెలుగులో ఉత్తరం రాయవలసి రావచ్చు. మనుమడు బెంగాలీలో పాఠం రాయవలసి రావచ్చు. దీనికి రెండు యంత్రాలు అవసరం లేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికం చేసిన ‘ఇన్‌స్క్రిప్ట్’ మీటల అమరిక భారతీయ లిపుల సామ్యం మీద ఆధారపడినది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి అందుతాయి. ఆంగ్లంలో ‘కె’ అక్షరం ఉన్న మీటను నొక్కితే తెలుగులో క, బెంగాలీలో క, హిందీలో క వస్తాయి. లిపి మాత్రమే మారుతుంది. వేలు కదిలే చోటు మారదు. ఒక భాషలో నేర్చిన అలవాటు మరొక భాషకు ఉపకరిస్తుంది.

అయినప్పటికీ పాత ఫైలు తెరచినప్పుడు తెలుగుకు బదులు అర్థం లేని ఆంగ్ల అక్షరాలు కనిపించడం చాలామందికి అనుభవమే. ఫైలు చెడిపోయిందని దానిని తొలగించరాదు. పూర్వపు అచ్చు పనుల ఫాంట్లు ఆంగ్ల అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలను తొడిగాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు ఊడి లోపలి అక్షరాలు బయటపడతాయి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ప్రతి లిపికీ సొంత స్థానాన్ని కేటాయించింది. తెలుగుకు, బెంగాలీకి విడివిడిగా 128 చొప్పున స్థానాలున్నాయి. పాత ఫైళ్ళను యూనికోడ్‌కు మార్చే సాధనాలు లభిస్తున్నాయి. కొత్తగా రాసేది యూనికోడ్‌లోనే రాయడం దూరదృష్టి.

మరమ్మతుకు ఒక క్రమం

కర్మాగారంలో పెట్టెను బాగుచేసేవారు చేతికందిన మర నల్లా విప్పరు. లోపం ఎక్కడున్నదో ఒక క్రమంలో వెతుకుతారు. కంప్యూటర్ విషయంలోనూ అదే నీతి. మొదట తెర మీద కనిపించిన సందేశాన్ని యథాతథంగా కాగితం మీద రాసుకోవాలి. నిన్న పనిచేసి నేడు పనిచేయకపోతే ఈ మధ్య ఏమి మారిందో జ్ఞాపకం చేసుకోవాలి. విద్యుత్తు, తీగలు సరిచూసి, యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి నడపాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేసినవారికి యంత్రం బాగుపడినా కారణం తెలియదు.

ఇంటర్నెట్ రాకపోతే అదే ఇంటిలో మరొక ఫోను దానిని అందుకుంటున్నదో లేదో చూడాలి. అందుకుంటుంటే లోపం కంప్యూటర్‌లో. రెండింటికీ రాకపోతే రూటర్‌లో గాని, బయటి తీగలో గాని ఉంటుంది. యంత్రం నెమ్మదిస్తే డిస్కులో ఖాళీ ఎంత ఉన్నదో, ఎన్ని సాఫ్ట్‌వేర్‌లు తమంతట తాము మొదలవుతున్నాయో, గాలి పోయే రంధ్రాలను దుమ్ము మూసివేసిందో పరిశీలించాలి.

పాత మేజా కంప్యూటర్లలో ఒక విచిత్రమైన లోపం కనిపిస్తుంది. ఏ వెబ్‌సైటు తెరచినా సురక్షితం కాదనే హెచ్చరిక వస్తుంది. వైరస్ చేరిందని ఇంటివారు భయపడతారు. గడియారం వంక చూస్తే అది ఎన్నో ఏళ్ళ క్రిందటి తేదీని చూపుతుంటుంది. యంత్రం ఆపి ఉన్నప్పుడు కాలాన్ని కాపాడేది లోపలి బోర్డు మీద నాణెమంత బ్యాటరీ. అది నీరసించగా తేదీ వెనుకకు పోయింది. ప్రతి వెబ్‌సైటుకు కాలపరిమితి గల ధ్రువపత్రం ఉంటుంది. తేదీ తప్పిన యంత్రానికి ఆ పత్రం ఇంకా పుట్టనట్టే తోస్తుంది. చిన్న బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలును. హెచ్చరికను చదివి కారణాన్ని వెతికినవారికి స్వల్ప ఖర్చుతో తీరే పని ఇది.

ఇతరుల తాళం మన తలుపుకు

ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రెండూ ఒకే వారంలో చవిచూసిన ఒక ఉదంతం ఇక్కడ స్మరణీయం. 2017 మే 12న ‘వన్నాక్రై’ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించింది. అది ఫైళ్ళకు సంకేతాల తాళం వేసి, విప్పడానికి సొమ్ము కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని విద్యుత్ పంపిణీ కార్యాలయాలు కొన్ని దీని వాత పడ్డాయి. అది చొరబడిన రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు 2 నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. సకాలంలో వేసుకున్న యంత్రాలకు ఆ దారి మూతపడింది. ఇంకొక రక్ష నకలు. ముఖ్యమైన ఫైళ్ళ నకలును వేరొక డిస్కులో దాచి, ఆ డిస్కును కంప్యూటర్ నుండి విడదీసి ఉంచినవారిని ఏ తాళమూ బెదిరించలేదు.

సాఫ్ట్‌వేర్ లోపం మీద గాక మనిషి భయం మీద దాడి చేసేవారు మరింత ప్రమాదకరులు. లిలువాలో రైల్వే కొలువు నుండి విరమించిన ఒక తెలుగు వృద్ధుణ్ణి ఊహించుకుందాం. పింఛనుదారులు ఏటా సమర్పించవలసిన జీవన ధ్రువీకరణను ఇంటి నుండే పంపే వీలు ‘జీవన్ ప్రమాణ్’ పేరుతో 2014 నవంబరు 10న ఆరంభమైంది. ఆ నవంబరు మాసంలోనే ఆయనకు ఒక ఫోను వస్తుంది. “మీ పత్రం అందలేదు, ఈ సాయంత్రానికి పింఛను ఆగిపోతుంది. మేము పంపే యాప్ వేసుకోండి, మిగతాది మేము చూసుకుంటాం” అంటుంది అవతలి గొంతు. యాప్ వేయగానే ఫోను ఒక అనుమతి కోరుతుంది. అది ఆంగ్లంలో ఉంటే ఆయన ‘సరే’ మీట నొక్కివేస్తాడు. అంతకుముందే మనుమడు ఫోను భాషను తెలుగుకు మార్చి ఉంచాడు. తెర మీద కనిపించేదంతా, పాస్‌వర్డులతో సహా, అవతలివారు చూడగలరని తెలుగులో కనిపిస్తుంది. ఆయన వేలు ఆగుతుంది.

“తాతయ్యా, ఎవరు ఫోనులో?”

“పింఛను ఆఫీసట. నా తెర చూస్తారట.”

“ఆఫీసువారికి మీ తెరతో ఏమి పని? పెట్టేయండి తాతయ్యా.”

ఇటువంటి దూరనియంత్రణ యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఓ.టి.పి. గాని, పాస్‌వర్డు గాని ఎవరికీ చెప్పరాదు. ప్రతి ఖాతాకు వేరు వేరు పాస్‌వర్డులు, వీలున్న చోట రెండంచెల తనిఖీ ఉండాలి. బ్రౌజర్‌లోని ‘ప్రైవేటు’ కిటికీ ఇంటి యంత్రంలో చరిత్ర మిగల్చదు. ఇంటర్నెట్ అందించే సంస్థ నుండి మాత్రం దేనినీ దాచదు. మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు తెలపాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

అర్థమైన సమ్మతియే సమ్మతి

గోప్యత సంపన్నుల విలాసం కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ బాటలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దానిని దశలవారీగా అమలుపరచే నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం సేకరించేవారు సమ్మతి కోరేటప్పుడు ఆ విన్నపాన్ని ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలని ఈ చట్టం నిర్దేశించింది. తెలియని భాషలో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదనే న్యాయమే దీనికి మూలం.

ఈ హక్కు ఆచరణలోకి రావడానికి పాఠశాలలు, కళాశాలలు తోడ్పడగలవు. గ్రంథాలయంలో ఒక సాయంకాలం విద్యార్థులు ఇంటి ఫోనులోని ఏదైనా ఒక యాప్ అడిగే అనుమతులను తమ భాషలో రాసి, ఒక్కొక్కదాని ఎదుట ‘ఎందుకు?’ అని ప్రశ్నించుకోవచ్చు. జవాబు దొరకని అనుమతిని ఆ రాత్రే ఇంటి పెద్దల సమక్షంలో తొలగించవచ్చు. బెంగాలీ విద్యార్థి తెలుగు పొరుగింటికి, తెలుగు విద్యార్థి హిందీ పొరుగింటికి ఈ సహాయం చేయగలిగితే భాషల మధ్య వారధి పాఠ్యపుస్తకంలోనే మిగిలిపోదు.

లిలువా కర్మాగారం దాటి వచ్చిన పెట్టెలో బెంగాలీ, బీహారీ, ఆంధ్రుడు పక్కపక్కన కూర్చుని ప్రయాణిస్తారు. దాని చక్రాలను ఎవరో ముందుగా పరీక్షించారన్న నమ్మకమే వారి ధీమా. ఇంటి కంప్యూటర్‌కు ఆ పరీక్ష చేసేవారు ఇంటివారే. మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, దాని మీద రాసి ఉన్నది తమ భాషలో చదువుకోవడంతో ఆ పరీక్ష మొదలవుతుంది.