ద్రాక్షలో అక్టోబరు కత్తిరింపు: కత్తెర పెట్టేముందు కొమ్మను చూడండి

వానలు తెరిపిచ్చి ఎండ నిలకడగా కాస్తోందంటే ద్రాక్ష కత్తిరింపుకు అదను వచ్చినట్టే. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్కటే పంట. కాపు దిగాక మార్చి-ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులు ఉంచి కత్తిరించి కొత్త కొమ్మలు పెంచుతాం. అక్టోబరులో ఆ కొమ్మలనే కాపు కోసం కత్తిరిస్తాం. కన్నులో గుత్తి రూపం దిద్దుకునేది మాత్రం వేసవి కత్తిరింపు తర్వాత దాదాపు 40-60 రోజులకే. అప్పుడు ఎండ బాగా తగిలిన కొమ్మలోనే ఇప్పుడు పంట ఉంటుంది. ఆ కొమ్మను పట్టుకోవడమే అక్టోబరు కత్తిరింపులోని పనితనం.

1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష రకం ఇక్కడి పందిళ్లకు పేరు తెచ్చింది. ఇవాళ అల్మాస్‌గూడ, బాలాపూర్ వైపు పొలాలు కాలనీలయ్యాయి. మిగిలిన తోటలకే కాదు, పెరట్లోనో డాబా మీదో ఒక్క తీగ పెంచుకునేవారికీ కత్తిరింపు పద్ధతి ఇదే.

ఏ కొమ్మ ఉంచాలి?

బెరడు గోధుమ రంగుకు తిరిగి, పెన్సిలంత లావుండి, కన్నులు ఉబ్బుగా ఉన్న కొమ్మ కాపుకు పనికొస్తుంది. అనుమానముంటే కొస కోసి చూడండి. లోపలి బెండు సన్నగా, గోధుమ రంగులో ఉంటే కొమ్మ ముదిరినట్టు. బెండు వెడల్పుగా, తెల్లగా ఉంటే ఇంకా లేత. పచ్చి కొమ్మలు, పుల్లల్లాంటివి, నీడలో పెరిగినవి తీసేయండి. ఖాళీ ఉన్నచోట సన్న కొమ్మను ఒకటి రెండు కన్నులకు కురచ చేస్తే వచ్చే ఏడాదికి అందివస్తుంది.

ఎన్ని కన్నులు?

అనాబ్-ఎ-షాహీకి సాధారణంగా 5-7 కన్నులు ఉంచుతారు. థాంప్సన్ సీడ్‌లెస్‌లో గుత్తి కన్నులు ఇంకాస్త పైన ఉండొచ్చు. పక్క తోట లెక్క మీ తోటకు సరిపోదు. కత్తిరించేముందు కొన్ని కొమ్మలు రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి, కన్నుల పరీక్ష గురించి అడిగి సలహా తీసుకోండి.

కత్తిరింపు వేళ

సెప్టెంబరు వానల్లో తొందరపడితే లేత చిగురుకు బూజు తెగులు పడుతుంది. నవంబరు చలిలోకి జారితే కన్నులు ఒక్కసారిగా పగలవు. వాన తెరిపి చూసుకుని అక్టోబరు మొదటి, రెండో వారాల్లో ముగించండి. పదునైన కత్తెరతో కన్నుకు ఒక సెంటీమీటరు పైన, నీరు కన్ను మీదికి జారకుండా ఏటవాలుగా కోయండి. తెగులు చెట్టును కోసిన కత్తెరను స్పిరిటుతో తుడిచాకే పక్క చెట్టుకు వెళ్లండి. కోసిన కొమ్మలను పందిరి కింద వదలకుండా తోట బయటికి చేర్చండి.

కత్తిరించాక

మోడు కొమ్మలు తడిసేలా ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయండి. 100 లీటర్ల నీటికి కిలో మైలతుత్తం, కిలో సున్నం చాలు. రెంటినీ ప్లాస్టిక్ తొట్లలో విడిగా కలిపి తర్వాత ఒకటి చేయండి. అందులో ఇనుప కత్తి కాసేపు ముంచి తీస్తే రాగి పూత పట్టిందా, సున్నం తక్కువైనట్టే. ఇంకాస్త కలపండి.

చిగుర్లు ఒకే ఈడున రావడానికి తోటల్లో హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. కత్తిరించిన రెండు రోజుల్లోపు, డబ్బా మీది మోతాదు ప్రకారమే వాడాలి. పెరటి తీగకు ఇది అవసరం లేదు. చేతికి రబ్బరు తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు లేకుండా కూలీలను ఈ పనికి దింపకండి. పూసేవారు ముందురోజు నుంచి, పని ముగిసిన వారం వరకు కల్లు, సారా ఏదీ ముట్టకూడదు. లోపలికి చేరిన మందు మద్యంతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పని చెప్పే ముందే వారికి ఈ మాట విడమరచి చెప్పడం రైతు బాధ్యత.

చిగురించాక పది చెట్లు ఎంచుకుని, గుత్తులు ఎన్నో కన్ను నుంచి వచ్చాయో పుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే అక్టోబరులో ఎక్కడ కోయాలో అది చెబుతుంది.