యంత్రానికీ ఊపిరే ప్రాణం

ఉద్దేశం

యంత్రం పనిచేసే తీరు తెలుసుకున్న తరువాతనే దానిలో మార్పు తలపెట్టాలన్న వివేకాన్ని కలిగించడం, శాస్త్ర విషయాన్ని తేట తెలుగులో వివరించే పద్ధతిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కట్టెలపొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు మంట మందగించగానే ఊదుగొట్టం అందుకుంటుంది. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబారాలంటే తిత్తి ఆడవలసిందే. నిప్పుకు కట్టె ఎంత అవసరమో గాలీ అంతే అవసరమన్న సత్యాన్ని వారికి ఏ గ్రంథమూ చెప్పలేదు, అనుభవమే నేర్పింది. కారు బానెట్ కింద ఉన్నదీ ఒక కొలిమే. అందులో కట్టెకు బదులు పెట్రోలు మండుతుంది. తిత్తి చేసే పనిని పిస్టన్ చేస్తుంది. ఈ కొలిమికి చల్లని గాలిని ధారాళంగా అందిస్తే కారు బలం పెరుగుతుందన్న ఆశతో కొందరు వాహనప్రియులు కంపెనీ అమర్చిన గాలి గొట్టాన్ని తొలగించి, బజారులో విడిగా దొరికే మరొక గొట్టాన్ని బిగించుకుంటారు. దానినే ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ అంటారు. ఆ ఆశలో నిజమెంత, భ్రమ ఎంత అన్నది విచారింపదగిన విషయం.

జర్మనీ దేశస్థుడైన నికోలస్ ఆటో 1876లో నాలుగు దశల ఇంజన్‌ను నిర్మించాడు. నేటి పెట్రోలు కార్లలో అత్యధిక భాగం ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. మొదటి దశలో పిస్టన్ కిందికి దిగి గాలిని పీల్చుకుంటుంది. రెండవ దశలో పైకి లేచి దానిని అదుముతుంది. మూడవ దశలో నిప్పురవ్వ తగిలి ఇంధనం మండి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. నాలుగవ దశలో పొగ వెలుపలికి పోతుంది. వీటిలో బలాన్నిచ్చేది మూడవ దశ. కాని ఆ బలం ఎంత ఉండగలదన్నది మొదటి దశలో లోపలికి చేరిన గాలిని బట్టి ఉంటుంది.

కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు దగ్గరగా ఉంటుంది. అంటే ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి అవసరం. మన వేసవి ఉదయపు వేడిమిలో ఆ గాలి 9,000 లీటర్లకు పైగా చోటును ఆక్రమిస్తుంది. పెట్రోలు బంకులో ఇంధనానికి మాత్రమే వెల చెల్లించే మానవుడు, అంతకు వేలరెట్ల పరిమాణంలో ప్రకృతి ఉచితంగా ఇస్తున్న గాలిని తలచుకోనే తలచుకోడు.

ఇక చల్లదనం సంగతి. వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ చార్లెస్ 18వ శతాబ్దం చివర గమనించిన ఈ ధర్మానికి ఆయన పేరే స్థిరపడింది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలి సుమారు 1.16 కిలోలు తూగుతుంది. అదే గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే 1.06 కిలోలే తూగుతుంది. సిలిండర్ పరిమాణం మారదు కనుక, వేడిగాలితో నిండినప్పుడు అందులో చేరే ఆక్సిజన్ తగ్గిపోతుంది. వాయుసాంద్రతలోని ఈ పదిశాతం తేడాయే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌కు మూలాధారం. ఇంజన్ వేడి సోకని చోటు నుండి గాలిని తెచ్చుకోవాలన్నదే దాని సారాంశం.

కార్లను స్వహస్తాలతో మార్చుకుని వేగం పెంచుకునే అలవాటు రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, బాగా ప్రబలింది. ఇటువంటి విడిభాగాల వ్యాపారం వృద్ధి చెందడానికి ఆ అలవాటు దోహదం చేసింది. ఈ పరికరంలో ఒక నున్నని గొట్టం, శంకువు ఆకారంలోని ఎయిర్ ఫిల్టర్, రబ్బరు లేదా సిలికాన్ జోడింపులు, క్లాంపులు, వేడిని అడ్డుకునే పలక ఉంటాయి.

బిగించే పని చూడడానికి సులభం. చేయడానికి ఓర్పు కావాలి. మొదట ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వాలి. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో దాని ప్లగ్గును లాగకుండా, కొక్కెం నొక్కి మెల్లగా ఊడదీయాలి. తరువాత క్లాంపులను వదులు చేసి పాత ఫిల్టర్ పెట్టెను, గొట్టాన్ని బయటికి తీయాలి. తీసిన ప్రతి మరనూ ఒకచోట భద్రపరచాలి. తెరిచి ఉన్న గొట్టపు మూతిని శుభ్రమైన గుడ్డతో కప్పి, కొత్తది బిగించే ముందు ఆ గుడ్డను మరువకుండా తీయాలి. సెన్సర్‌లోని సన్నని తీగను వేలితో తాకరాదు. దానిపై బాణం గుర్తు ఉంటే అది గాలి ఇంజన్ వైపు పోయే దిశను సూచించాలి. కొత్త గొట్టం బెల్టుకు గాని, తిరిగే ఫ్యానుకు గాని తగలకుండా చూసుకోవాలి. అన్నిటినీ సరిగ్గా కూర్చిన తరువాతనే క్లాంపులను బిగించాలి. సెన్సర్ దాటిన తరువాత ఎక్కడ చిన్న సందు మిగిలినా కొలతకు అందని గాలి లోపలికి చొరబడుతుంది. అప్పుడు ఇంధనం పాలు తప్పి ఇంజన్ తడబడుతుంది. కొంతదూరం నడిపిన తరువాత బిగింపులన్నిటినీ మరొకసారి పరీక్షించడం ఉత్తమం.

ఇంత శ్రమకు ఫలితమేమిటి? కారు స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కగానే గంభీరమైన శబ్దం వినిపిస్తుంది. కంపెనీ గొట్టంలో గాలి రొదను అణచడానికి ఏర్పరచిన గదులు కొత్త గొట్టంలో ఉండవు. చెవికి వినిపించిన ఆ గర్జనను మనసు బలంగా భావిస్తుంది. వాస్తవానికి చాలా కంపెనీలు ముందే బానెట్ అంచు నుండో, ముందుభాగపు జాలీ వెనుక నుండో బయటి గాలిని రప్పిస్తున్నాయి. కనుక లెక్కలో కనిపించిన పదిశాతం తేడా రోడ్డు మీద లభించదు, మిగిలేది అల్పలాభమే. అదైనా యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడే తెలుస్తుంది. నగరపు రద్దీలో కారు సగం తొక్కిన యాక్సిలరేటర్‌తోనే నడుస్తుంది. అప్పుడు గాలిని ప్రధానంగా అడ్డుకునేది ఫిల్టర్ కాదు, థ్రాటిల్ కవాటం. వేడిని అడ్డుకునే పలక లేకుండా ఫిల్టర్‌ను ఇంజన్ పక్కనే వదిలివేస్తే అది వేడిగాలినే పీలుస్తుంది. అప్పుడు ఉన్న బలమూ తగ్గవచ్చు.

లాభం స్వల్పమైనా ప్రమాదం స్వల్పం కాదు. చల్లని గాలి కోసం కొన్ని పరికరాల్లో ఫిల్టర్‌ను చక్రం పక్కన, నేలకు దగ్గరగా అమరుస్తారు. వర్షపునీరు నిలిచిన దారిలో అది మునిగితే ఇంజన్ గాలికి బదులు నీటిని పీలుస్తుంది. గాలిని అదుమవచ్చును గాని నీటిని అదమడం ఆ పిస్టన్‌కు సాధ్యం కాదు. దానిని మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కొక్కసారి విరిగిపోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులు వరదలో మునిగిన దృశ్యాలు చూసినవారికి ఇది ఊహించుకోవలసిన విషయం కాదు. నీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకూడదన్న జాగ్రత్తకు కారణం కూడా ఇదే.

చట్టం మాటా మరువరాదు. భారతదేశపు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై ఆంక్షలు విధించింది. వారంటీ షరతులనూ ముందుగా చదువుకోవాలి. మార్పుల మోజు బలంగా వేళ్లూనిన కాలిఫోర్నియాలో సైతం, ఇటువంటి పరికరం వల్ల కాలుష్యం పెరగదని అక్కడి వాయు వనరుల మండలి అనుమతి ఉంటేనే దానిని రోడ్డు మీద తిరిగే కారుకు వాడాలి. ఇంజన్ పీల్చి విడిచే గాలినే బాటసారీ పీల్చవలసి ఉంటుంది గదా!

యంత్రాన్ని మెరుగుపరచాలన్న కోరిక తప్పు కాదు. కాని కొత్త గొట్టానికి వేల రూపాయలు వెచ్చించే ముందు పాత ఫిల్టర్‌ను తీసి వెలుతురులో చూడడం మేలు. అది దుమ్ముతో పూడుకుపోయి ఉంటే మార్చవలసింది ఫిల్టర్‌ను. శుభ్రంగా ఉంటే కారు ఇప్పటికే హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నట్లు లెక్క. పొయ్యి మండకపోతే ముందు బూడిద తీసి చూసే ఇల్లాలి వివేకమే వాహనదారుకూ శరణ్యం.

కఠిన పదాలు – అర్థాలు

తిత్తి = కొలిమిలో గాలి ఊదే తోలుసంచి
ధారాళంగా = అడ్డు లేకుండా, సమృద్ధిగా
వ్యాకోచించు = విస్తరించు
సాంద్రత = నిర్ణీత పరిమాణంలో ఉన్న ద్రవ్యరాశి
దోహదం = తోడ్పాటు
కవాటం = తలుపు; తెరుచుకుని మూసుకునే అమరిక
శరణ్యం = ఆశ్రయింపదగినది

వ్యాసరూప ప్రశ్న

1. ఇంజన్ బలానికి, చల్లని గాలికి గల సంబంధాన్ని వివరించి, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వల్ల కలిగే లాభనష్టాలను పాఠం ఆధారంగా సమీక్షించండి.

సంగ్రహరూప ప్రశ్నలు

1. ఇంజన్‌లోని నాలుగు దశలను తెలపండి.
2. నీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఎందుకు?
3. శబ్దానికీ బలానికీ గల తేడాను పాఠం ఎలా వివరించింది?

ఏకవాక్య ప్రశ్నలు

1. నాలుగు దశల ఇంజన్‌ను నికోలస్ ఆటో ఏ సంవత్సరంలో నిర్మించాడు?
2. కిలో పెట్రోలు మండడానికి ఎంత గాలి కావాలి?

వ్యాకరణం

మూలాధారం = మూల + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధిక = అతి + అధిక – యణాదేశ సంధి
వాయుసాంద్రత = వాయువు యొక్క సాంద్రత – షష్ఠీ తత్పురుష సమాసం
అల్పలాభం = అల్పమైన లాభం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
లాభనష్టాలు = లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం