ఊరి పేరు, బడి హద్దు

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనదలచితిమి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల తారతమ్యము తెలియుటెట్లు?

జవాబు: ఫ్రిస్కో చిరునామా ఉన్నంతమాత్రమున పిల్లలు ఫ్రిస్కో పాఠశాలా మండలమునకే చెందుదురని తలంపరాదు; ఆ నగరమున కొంత భాగము ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ మండలములలో నున్నది గనుక, బయానా ఇచ్చుటకు ముందే ఇంటి నంబరుతో సహా మండలపు కార్యాలయమున విచారింపుడు. (ఇండ్ల దళారి మాట చివర వినుడు.) రాష్ట్ర విద్యాశాఖవారు ‘ఏ’ మొదలు ‘ఎఫ్’ వరకు ఒసగు శ్రేణి అక్కరకు వచ్చునదే గాని, మొత్తపు మార్కులు పెక్కుమారులు తల్లిదండ్రుల ఆదాయమునే ప్రతిబింబించును గనుక, ఏడాదిలో విద్యార్థి ఎంత ముందుకు సాగెనో తెలుపు అభివృద్ధి గణనమునే నేను మిన్నగా నెంచుదును. కొత్త బడి కట్టినప్పుడు మండలములోని బడుల హద్దులు మారుటయు కలదు. ఇంటిపన్నులో పెద్దపాలు మండలమునకే పోవును; ఆ పన్నును ఇంటి అప్పు నెలవాయిదాతో కలిపి లెక్క వేసికొనుడు.