ట్యాపెట్ చప్పుడా? ముందు ఆయిల్ చూడండి

ప్రశ్న: పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టిక్ టిక్ మని చప్పుడు వచ్చి ఆగిపోతోంది. రిపేరు చేయించాలా? (ఓ పాఠకురాలు, విజయనగరం)

జవాబు: అక్కర్లేదు. రాత్రంతా కిందికి దిగిన ఆయిల్ మళ్లీ పైకెక్కేదాకా వచ్చే చప్పుడది.

ప్రశ్న: నాది 2014 డీజిల్ డిజైర్, ట్యాక్సీగా తిప్పుతున్నాను. ఇంజిన్ వేడెక్కినా టిక్ టిక్ పోవడం లేదు. లిఫ్టర్లన్నీ మార్చాలని ఒక మెకానిక్, బిగిస్తే చాలని ఇంకో మెకానిక్ అంటున్నారు. ఎవరి మాట వినను? (ఓ డ్రైవర్, ఖమ్మం)

జవాబు: ఇప్పటికి ఇద్దరి మాటా వద్దు. మీ బండిలోది 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజిన్. దాని ట్యాపెట్లు, అంటే లిఫ్టర్లు, హైడ్రాలిక్‌వి. పాత మారుతి 800లోలాగా స్క్రూ తిప్పి బిగించడానికి అక్కడేమీ ఉండదు. లిఫ్టర్ లోపలి చిన్న పిస్టన్ కింద ఆయిల్ నిండితేనే వాల్వ్ దగ్గరి గ్యాప్ పూడుతుంది. ఆయిల్ అందకపోయినా, మడ్డి అడ్డుపడినా, లోపలి వాల్వ్ అరిగినా లిఫ్టర్ కుంగిపోయి చప్పుడు చేస్తుంది.

అందుకే బండిని చదునైన చోట ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ తక్కువైతే తప్పు, ఎక్కువైనా తప్పే. ఎక్కువైతే క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది, నురుగుతో లిఫ్టర్ నిలబడదు. ఆయిల్ మార్చి చాలాకాలమైతే కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించి, ఫిల్టర్ మార్పించండి. అప్పటికీ తగ్గకపోతే గేజ్ పెట్టించి ఆయిల్ ప్రెషర్ కొలిపించండి. ప్రెషర్ లేని ఇంజిన్‌లో కొత్త లిఫ్టర్లు వేసినా అదే చప్పుడు వస్తుంది, డబ్బు దండగ. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ కూడా ఇలాగే కొట్టుకుంటుంది, దాన్నీ చూడమనండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఇంజిన్ విప్పాలి. బయటికి తీసిన లిఫ్టర్‌ను బొటనవేలితో నొక్కితే మంచిది గట్టిగా నిలుస్తుంది, పోయినది మెత్తగా దిగిపోతుంది. లిఫ్టర్ పైనుండే రాకర్‌నూ, క్యామ్‌నూ మీ కళ్లముందే చూపించమని అడగండి. అరిగిన క్యామ్ కింద కొత్త లిఫ్టర్ ఎక్కువకాలం బతకదు.

ప్రశ్న: మా 2015 షెవ్రొలే టాహోలో లిఫ్టర్ పోయిందన్నారు. ఇంజిన్ వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటోంది. ఆయిల్‌లో ఏదైనా మందు పోసి కొన్నాళ్లు నడపొచ్చా? (ఓ పాఠకుడు, డాలస్)

జవాబు: నడపకండి, టో చేయించండి. మీ 5.3 లీటర్ల వీ8 ఇంజిన్ పెట్రోలు ఆదా కోసం నాలుగు సిలిండర్లను పనిలోంచి తప్పిస్తుంది. ఆ సిలిండర్ల లిఫ్టర్లలో చిన్న పిన్నులుంటాయి. పిన్ను ఇరుక్కుంటే వాల్వ్ తెరుచుకోదు, ఆ సిలిండర్ చచ్చినట్టే. పాడైన భాగాన్ని ఏ మందూ బాగుచేయదు. అలాగే నడిపితే లిఫ్టర్ రోలర్ క్యామ్‌ను చెక్కేస్తుంది, మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. లిఫ్టర్ మార్చాలంటే ఎలాగూ హెడ్ దించాలి కాబట్టి ఆ వైపు లిఫ్టర్లన్నీ ఒకేసారి మార్పించండి.

లిఫ్టర్ ప్రాణం ఆయిల్‌లోనే ఉంది. కారున్న ప్రతివారూ వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి.