కొత్త ప్రపంచం ఎవరికి కొత్త?

1492 అక్టోబరు 12న కొలంబస్ బహామా దీవులలో ఒకదానిపై కాలు మోపాడు. అతడు కొత్త ప్రపంచాన్ని కనుగొన్నాడని మనం చదువుకొంటున్నాము. కాని ఆ దీవికి అంతకు పూర్వమే గ్వానహాని అనే పేరున్నది. ఆ పేరుతో దానిని పిలుచుకొనే ప్రజలున్నారు. కొలంబస్ దానిని సాన్ సాల్వడార్ అన్నాడు.

అనంతరం హిస్పానియోలా ద్వీపంలోని తైనో ప్రజలపై స్పెయిన్‌వారు బంగారాన్ని కప్పంగా విధించారు. గనులలో వెట్టిచాకిరి, యుద్ధాలు, కరవు వారిని క్షీణింపజేశాయి. 1518లో ప్రవేశించిన మశూచి శేషించినవారిలో అనేకులను బలిగొన్నది. ఆ వ్యాధిని మునుపెన్నడూ ఎరుగనందున దానిని తట్టుకొనే శక్తి వారికి లేకపోయింది. పిదప చెరకు తోటలలో పనికి ఆఫ్రికా నుండి బానిసలను తెచ్చారు.

అయితే ఈ అన్యాయాన్ని నిరసించిన స్పెయిన్‌వారూ లేకపోలేదు. 1511లో మాంటెసినోస్ అనే క్రైస్తవ సన్యాసి తనవారి ఎదుటనే దానిని ఖండించాడు.

నేడు మనం తినే మిరప, మొక్కజొన్న, వేరుశనగ అమెరికా ఖండాల ఆదివాసి రైతులు వేల ఏండ్లుగా సాగుచేసి తీర్చిదిద్దిన పంటలే. పోర్చుగీసు వర్తకుల ద్వారా పదహారవ శతాబ్దిలో మిరప మన దేశానికి వచ్చింది. ఆ రైతుల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

కావున విద్యార్థి మిత్రులారా! చరిత్రలో ‘కనుగొన్నారు’ అనే మాట తటస్థించినప్పుడెల్లా, అంతకు ముందు అచ్చట ఎవరు నివసించేవారో, తరువాత వారేమైనారో విచారించడం మన విధి.